బుర్ర లేని బిడ్డ లేడు

(శతవార్షికోత్సవముల సందర్భమున టెక్కలిలో జరిగిన కుటుంబ సదస్సులో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "మానవుని మెదడు, దాని పరిణామము". నూరేండ్ల పండుగనాడు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుకొనక ఈ కోతుల కథ ఎందుకని మన పెద్దలలో కొందరు అనుకొనుచున్నట్లు విన్నాను. ఈ అంశమును కోరినవారు మన యౌవనస్థులు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమునుండి జీవపరిణామమును గూర్చిన భాగమును తీసివేసినారు. శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు 1,800 మందికి పైగా సంతకములు చేసి అభ్యంతరము తెలిపినారు. ఆ పాఠము పండ్రెండవ తరగతి జీవశాస్త్రములో మాత్రము ఉన్నది. అనగా ఆ పుస్తకములు చదువు బిడ్డలలో పదితో బడి మానినవానికిని, ఇంటరులో లెక్కల గ్రూపు తీసికొనినవానికిని అది కంటబడదు.

ఈ వార్త విని మన విశ్వాసులలో కొందరు, "మంచిదే అయినది అయ్యగారూ, కోతి పాఠము పోయినది" అని నాతో అన్నారు. నాకు సంతోషము కలుగలేదు. మన బిడ్డలు నర్సింగుకు, వైద్యమునకు, ఫార్మసీకి విశాఖపట్టణము పోవుచున్నారు. సంఘములో ఎన్నడును వినని సంగతిని కళాశాలలో మొదటిసారి వినిన బిడ్డ, సంఘము తనకు దాచినదనుకొనును. ఇది దాచినవారు మరి ఏమేమి దాచినారో అని కూడ అనుమానించును. విశ్వాసము పోవునది తరచుగా అక్కడ, డార్విన్ పుస్తకములో కాదు.

భయము ఎందుకు? దేవుడు నేల మంటితో నరుని చేసినాడని ఆదికాండము చెప్పుచున్నది. ఆ మన్ను ఎంతకాలము పిసికినాడో చెప్పలేదు. సృష్టి దినములను మన గడియారపు దినములుగా లెక్కింపవలసిన పని లేదని పరిశుద్ధ అగస్టీను డార్విన్‌కు 14 వందల ఏండ్ల ముందే వ్రాసినాడు. అమెరికాలో డార్విన్ పక్షమున మొదట నిలిచిన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే ప్రెస్బిటీరియను సంఘపు విశ్వాసి. ఇక అవిశ్వాసులలో ఒకరిని గూర్చి కూడ చెప్పవలెను. జె.బి.ఎస్. హాల్డేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పరిణామ సిద్ధాంతమునకు గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకడు. దేవుని నమ్మనివాడు. 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడినాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వరులో కన్నుమూసినాడు. తన దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చివేయవలెనని ముందే వ్రాసి ఉంచినాడు. భువనేశ్వరునుండి కాకినాడకు దారి మన పలాస, టెక్కలి మీదుగనే గదా. మన తెలుగు బిడ్డలు వైద్యము నేర్చుకొనుటకు తన ఎముకలను ఇచ్చిన మనిషి యొద్ద నాలుగు సంగతులు నేర్చుకొనుటకు నాకు సంకోచము లేదు.

ఇప్పుడు కథలోనికి వత్తము. కాలము చాల పెద్దది గనుక మనకు తెలిసిన దూరముతో కొలుతము. మన మండలి వయస్సు 100 సంవత్సరములు. దానిని ఒక్క అడుగు అనుకొనుడు, నడిచేటప్పుడు వేయు మామూలు అడుగు. పలాసలో బయలుదేరి టెక్కలి వైపు నడువవలెను. టెక్కలి ఈ దినము. పలాసలో మనకు కనబడునది 1974లో ఇథియోపియాలో దొరికిన అస్థిపంజరము. శాస్త్రజ్ఞులు ముద్దుగా 'లూసీ' అని పేరు పెట్టినారు. ఆమె కాలము 32 లక్షల సంవత్సరముల క్రితము, అనగా 32,000 అడుగుల దూరము. పలాసనుండి బయలుదేరి అన్ని అడుగులు వేసినచో టెక్కలి దరిదాపులకు వచ్చెదము.

లూసీ రెండు కాళ్లమీద నిలువుగా నడిచినది. ఆమె జాతివారి మెదడు మాత్రము అర లీటరుకు తక్కువ, చింపాంజీ మెదడుకంటె ఏమంత ఎక్కువ కాదు. మన మెదడు లీటరు మీద మరి మూడవ వంతు. పలాసనుండి 6,000 అడుగులు వచ్చుసరికి రాతి పనిముట్లు విరివిగా కనబడును. 13,000 అడుగులు వచ్చినంతవరకు మెదడు ఏమంత పెరుగలేదు. అక్కడినుండి పెరుగుట ఆరంభించినది. టెక్కలి ఇంక 3 కిలోమీటర్లు ఉన్నదనగా పొయ్యి నిప్పు బాగుగా కనబడును. ఇంక 3,000 అడుగులు ఉన్నదనగా మన జాతి మానవుడు ఆఫ్రికాలో కనబడినాడు. మొరాకోలో దొరికిన ఆ ఎముకల వయస్సు 3 లక్షల ఏండ్లని 2017లో ప్రకటించినారు. వ్రాత నేర్చినది చివరి 50 అడుగులలో. మన ప్రభువు బేత్లెహేములో జన్మించినది ఇరువది అడుగుల దూరములో. ఈ గదికి ఆ చివరనుండి ఈ చివరకు!

మొదట కాళ్లు, తరువాత చేతులు, ఆ తరువాతనే తల. ఈ వరుసను ఒప్పుకొనుటకు పండితులకు ఎంత కష్టమైనదో వినుడు. 1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్ అను చోట ఒక పుర్రె దొరికినదని ప్రకటించినారు. పెద్ద మెదడు, కోతి దవడ. మానవుడు మొదట బుద్ధిలోనే గొప్పవాడైనాడు, అదియును ఇంగ్లండులోనే అయినాడు అని అనేకులు ఉప్పొంగిపోయినారు. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్ అను చోట సున్నపురాతి గనిలో ఒక పసిబిడ్డ పుర్రె దొరికినది. రేమండ్ డార్ట్ అను ఆచార్యుడు దానిని పరిశీలించి, మెదడు చిన్నదే గాని వెన్నుపూస చేరు రంధ్రము పుర్రె అడుగున ఉన్నది గనుక ఈ బిడ్డ నిలువుగా నడిచినదని 1925లో ప్రకటించినాడు. పెద్దలు పెదవి విరిచినారు. ఆఫ్రికాలోనా? ఇంత చిన్న మెదడుతోనా? ఆ బిడ్డ చాల సంవత్సరములు పట్టించుకొనువారు లేక పడియుండినది. చివరకు 1953లో పిల్ట్‌డౌన్ పుర్రె గుట్టు రట్టయినది. అది మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జతచేసి, పండ్లు ఆకురాయితో అరగదీసి, రంగు పూసి పెట్టిన నకిలీ. నలుబది ఏండ్లు నిజమైన బిడ్డను కాదని నకిలీ పుర్రెను పూజించినారు. ఎముకలు అబద్ధమాడలేదు, తల గొప్పదనము తమ సొత్తనుకొనిన గర్వము వారి కన్నులు కప్పినది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. దీని బంధువు మన ఊళ్లలోను ఉన్నది.

మెదడు ఖరీదైన అవయవము. దేహపు బరువులో అది 100కి 2 పాళ్లు. ఊరక కూర్చున్నను మనము ఖర్చుపెట్టు శక్తిలో 20 పాళ్లు అదే తినివేయును. అయిదేండ్ల బిడ్డలో తిన్నదానిలో 40 శాతమునకు పైగా మెదడుకే పోవునని ఇటీవలి లెక్క. అందుచేతనే ఆ వయస్సున బిడ్డ ఒళ్లు నెమ్మదిగా ఎదుగును. ఇంత ఖర్చు భరించుటకు మన పూర్వికులు మాంసము, దుంపలు, తరువాత వండిన కూడు సంపాదించవలసి వచ్చినది. వండినది తేలికగా అరుగును, పచ్చిదానికంటె ఎక్కువ బలమిచ్చును. పొయ్యి మెదడును పెంచినదని కొందరు శాస్త్రజ్ఞులు వాదించుచున్నారు. మన తల్లులకు ఆ వాదన వినిపించుటకు పెద్ద కష్టముండదు.

ఖరీదు మరియొకటి ఉన్నది, అదే ఈ దినమున నాకు ముఖ్యము. మన బారువ, భావనపాడు ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టి పోవును. తల్లి మరల తిరిగి చూడదు. సుమారు ఏబది దినములకు పిల్ల ఇసుకలోనుండి లేచి నేరుగా నీటిలోనికి పోవును. దానికి ఎవరు నేర్పినారు? ఎవరును నేర్పలేదు. తేలినీలాపురము చింతచెట్లమీది గూడబాతు పిల్లను తల్లిదండ్రులు కొద్ది నెలలు మేపవలెను. (ఆ పక్షులు సైబీరియానుండి వచ్చునని మనవారు చెప్పుకొనుచున్నారు గాని, ఆ గూడబాతులు మన దక్షిణ దేశపు పక్షులే.) చింపాంజీ పిల్ల పుట్టునప్పటికి దాని మెదడు పెద్దదాని మెదడులో ఐదింట రెండు వంతులు ఉండును. మన బిడ్డకు మూడవ వంతు కూడ ఉండదు. మొదటి ఏడాదిలోనే అది రెండింతలగును. తరువాత ఏండ్ల తరబడి లోపలి తీగెలు కూడుచు, కత్తిరింపబడుచు ఉండును. అనగా మానవ శిశువు మెదడు సగములో ఆగిన ఇల్లు. మిగిలిన కట్టడము తల్లి ఒడిలో, నాయనమ్మ పాటలో, వీధిలో, బడిలో జరుగును. మెదడును దేవుడు ఒంటరివానికి ఇయ్యలేదు. మన ప్రభువు కూడ నజరేతులో బాలుడై జ్ఞానమందు ఎదిగినాడని లూకా వ్రాసినాడు. ఆయన కూడ మరియమ్మ నోటనే మాటలు నేర్చుకొన్నాడు.

ఈ మెదడు మన తెలుగు దేశములో ఎప్పటినుండి ఉన్నది? నంద్యాల జిల్లాలో జ్వాలాపురమను ఊరున్నది, పూర్వము కర్నూలు జిల్లా. అక్కడి జుర్రేరు లోయలో బూడిద పొర ఉన్నది, కొన్ని చోట్ల మనిషి ఎత్తును మించి. అది మన పొయ్యి బూడిద కాదు. సుమారు 74,000 ఏండ్ల క్రితము సుమత్రాలోని తోబా అగ్నిపర్వతము పేలినప్పుడు గాలిలో వచ్చి పడినది. ఆ బూడిదయే మన ఎదుట ఉన్న బంగాళాఖాతము అడుగున కూడ పరచుకొని ఉన్నది. మన నావలు తిరుగు నీటి కింద ఇంత కథ ఉన్నది! జ్వాలాపురములో తవ్వినవారు బూడిద పొరకు కిందను, పైనను రాతి పనిముట్లు కనుగొని 2007లో ప్రకటించినారు. పైవి కిందివాటిని చాల పోలి ఉన్నవి. ఆ పనివారు మన జాతివారా, మనకు ముందటివారా అని పండితులలో వివాదమున్నది. ఎవరైనను, అంత ఉపద్రవము తరువాత కూడ ఆ లోయలో రాయి చెక్కు చేయి ఉన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తరువాత మరల మొక్క నాటిన ఉద్దానమువారికి అది అర్థము కాకపోదు.

మెదడు పెద్దదైతే తెలివి పెద్దదా? జాతులను పోల్చునప్పుడు కొంత నిజము. మనుష్యులలో మనిషిని మనిషితో పోల్చునప్పుడు ఈ కొలత పనికిరాదు. రష్యా రచయిత తుర్గేనెవ్ మెదడు 2,000 గ్రాములు దాటినది. 1921లో నోబెలు బహుమానము పొందిన ఫ్రెంచి రచయిత అనటోల్ ఫ్రాన్స్ మెదడు సుమారు 1,000 గ్రాములు, అనగా దానిలో సగము. ఇద్దరును మహా రచయితలే. మనకు సమానమైన మెదడు ఉన్న నియాండర్తాల్ మానవులు 40,000 ఏండ్ల క్రితము అంతరించినారు. వారి అంశము ఒకటి రెండు పాళ్లు ఈ గదిలో కూర్చున్న మనలో కూడ ఉన్నది. దానిని కనుగొనిన స్వాంటె పేబోకు 2022లో నోబెలు బహుమానము వచ్చినది.

ఇక్కడ ఆల్ఫ్రెడ్ వాలెస్ అనువానిని తలచుకొనవలెను. 1858లో డార్విన్‌తో పాటు ప్రకృతివరణ సిద్ధాంతమును లోకమునకు తెలిపినవాడు. ధనికుడు కాడు. పురుగులను, పక్షులను సేకరించి అమ్ముకొని బ్రదికినాడు. అమెజాను అడవులలో నాలుగేండ్లు, మలయా ద్వీపములలో ఎనిమిదేండ్లు అచ్చటి ప్రజల మధ్య కాలము గడిపినాడు. 1869లో అతడు ఒక వింత సంగతి వ్రాసినాడు: అడవి మనిషి మెదడు మన తత్వవేత్త మెదడుకు ఇంచుమించు సమానము, అతని జీవితమునకు అంత మెదడు అక్కరలేదు, కాబట్టి దీనిని ప్రకృతివరణము చేసియుండదు, పైనుండి ఒక బుద్ధి నడిపించియుండవలెను. డార్విన్ చాల నొచ్చుకొన్నాడు. మన దైవజనులలో కొందరు వాలెస్ మాటను ఇప్పటికిని చేతికర్రగా వాడుకొనుచున్నారు. నేను వాడుకొనను. శాస్త్రములో ఖాళీ కనబడిన చోటనెల్లా దేవుని కూర్చోబెట్టినచో, ఆ ఖాళీ నిండినప్పుడు ఆయనను లేపవలసి వచ్చును. వాలెస్ చూచినది సత్యము, అడవిలోని మనిషి మెదడు ఎవరికిని తీసిపోదు. అతడు పొరబడినది, అడవి బ్రతుకుకు అంత మెదడు అక్కరలేదనుకొనుటలో.

దీనికి రుజువు కొరకు అమెజాను పోనక్కరలేదు. మందస, మెళియాపుట్టి కొండలు చాలును.

మన ప్రాంతము మద్రాసు రాజధానిలో ఉన్న దినములలో మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్స్టన్ ఊరూరు తిరిగి జనుల తల పొడవు, వెడల్పు, ముక్కు వెడల్పు కొలిచినాడు. 1909లో దక్షిణ హిందూదేశపు కులములను, తెగలను గూర్చి 7 సంపుటములు వెలువరించినాడు. అందులో పనికివచ్చు సమాచారము చాల ఉన్నది, కాదనను. గాని తల కొలిచినంతమాత్రమున తలలోనిది తెలియునా? సవరలను గూర్చి ఆయనకు వివరములు అందించిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడు. ఆయన కొలబద్ద పట్టుకొనలేదు. సవర మాట నేర్చుకొన్నాడు. 1863లో శ్రీకాకుళము దగ్గర పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో బడిపంతులైన గిడుగు రామమూర్తి పంతులుగారు!

వ్యావహారిక భాషోద్యమమును గూర్చి అందరికిని తెలుసును. సవరల కొరకు ఆయన చేసినది మన జిల్లాలోనే చాలమందికి తెలియదు. తెలుగు వచ్చిన సవరను ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చినాడు. కొండలెక్కినాడు. వారి భాషలో వాచకములు వ్రాసినాడు, బడులు పెట్టించినాడు. మన్యపు జ్వరమునకు క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకొన్నాడు. వినుటకే జీవితము ధారపోసిన మనిషికి చెవుడు! అయినను మానలేదు. సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయినవి. 1940 జనవరిలో కన్నుమూసినాడు.

ఆయన పుస్తకము తెరచినవారికి కనబడునదేమి? సవర భాషలో క్రియ తన కడుపులో నామమును ఇముడ్చుకొనును. మనము ఒక వాక్యముగా చెప్పునది వారు ఒక్క మాటలో చెప్పగలరు. లెక్క ఇంకను చిత్రము. మనకు పదులు ఒక్కటే ఆధారము. వారికి పండ్రెండును, ఇరువదియును రెండును ఆధారములే. పదమూడనగా పండ్రెండు ఒకటి. ముప్పది మూడనగా ఇరువది, పండ్రెండు, ఒకటి. నాలుగేండ్ల సవర బిడ్డ తల్లి యొద్ద ఈ లెక్క నేర్చును. ఆ బిడ్డ కొండ దిగి మన బడికి వచ్చి, తెలియని తెలుగులో అడిగిన ప్రశ్నకు నోరు తెరువకపోతే, "వీడికి బుర్ర లేదు" అని మనము వ్రాసివేయుచున్నాము. ఆదాము జంతువులన్నిటికి పేర్లు పెట్టినాడని ఆదికాండములో చదువుచున్నాము. కొండమీద ప్రతి చెట్టుకు, ప్రతి గడ్డకు పేరు తెలిసిన ఆ బిడ్డ ఆదాము పని చేసినవారి సంతానము. వానిని మొద్దు అన్నప్పుడు మనము తీర్పు తీర్చుచున్నది ఎవరి చేతిపనిని?

ఆ మాట కొండ బిడ్డలకే పరిమితము కాదు. సంఘ దర్శనమునకు ఇండ్లకు పోయినప్పుడు నేను తరచుగా వినునదే: "ఈ గుంటడికి బుర్ర నేదు అయ్యగారూ, సదువెక్కదు, మీరైనా ప్రార్థన సెయ్యండి." గుంటడు గుమ్మములో నిలువబడి ఆ మాట వినుచునే ఉండును. అమ్మా, ప్రార్థన చేయుదును. గాని ఆ మాట వాని చెవిలో ఎన్నిమారులు పడినది? పెరుగుచున్న ఆ మెదడుకు అది కూడ మేతయే.

బుర్ర అనగా పుస్తకము వప్పచెప్పుట ఒక్కటే అనుకొనుచున్నాము. పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలలో పప్పు ఏరు మన సహోదరీమణులను చూడుడు. గుండు, బద్ద, ముక్క. గుండులో మరల 180, 210, 240, 320. పౌనుకు ఇన్ని గుండ్లు అని ఆ అంకెకు అర్థము. తక్కెడ లేకయే కన్ను చూచినది, వేలు తోసినది. మాంట్రియల్‌లో వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెదడు పటము గీసినప్పుడు, చేతికిని నోటికిని కలిసి మెదడులో మిగిలిన ఒంటికంటె ఎంతో ఎక్కువ చోటు ఉన్నదని తేలినది. అనగా ఆ వేళ్లలో ఉన్నది కూడ మెదడే. 2000లో లండనులో టాక్సీ నడుపువారిని పరీక్షించినారు. వేల వీధులు కంఠస్థము చేసినవారి మెదడులో త్రోవ జ్ఞాపకముంచు భాగము పెద్దదై ఉన్నది. మంచినీళ్లపేట, నువ్వులరేవు మత్స్యకారుడు గట్టు కనబడని నీటిమీద రాత్రివేళ త్రోవ పట్టి ఇంటికి వచ్చుచున్నాడు. వానిని ఎవరును ఏ యంత్రములోను పెట్టి చూడలేదు. చూచినచో ఆశ్చర్యపోవుదురని నా అభిప్రాయము.

ఇక స్త్రీల సమాజమువారు శ్రద్ధగా వినవలసిన సంగతి. మెదడు కట్టుబడికి సామగ్రి కావలెను. గర్భవతికి అయోడిను చాలనిచో కడుపులోని బిడ్డ మెదడు దెబ్బతినును. తరువాత ఎంత పెట్టినను పూర్తిగా తిరిగిరాదు. దీనిని మన దేశములో రుజువు చేసి చూపించినవారు మన శ్రీకాకుళములో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు. విశాఖపట్టణము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినారు. హిమాలయముల దిగువ కాంగ్రా లోయలో ఇంటింట గొంతువాపు ఉండెడిది. 1950ల నడిమి ప్రాంతములో ఆయనయును సహచరులును ఆ లోయను భాగములుగా చేసి, కొన్ని భాగములకు అయోడిను కలిపిన ఉప్పు, ఒక భాగమునకు మామూలు ఉప్పు సరఫరా చేయించినారు. అయిదారేండ్లలో అయోడిను ఉప్పు తిన్న చోట వ్యాధి బాగుగా తగ్గినది. 1962లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఆయన తరువాత ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు సంచాలకులైనారు, 2001లో మరణించినారు. మన జిల్లా బిడ్డ కోట్లాది బిడ్డల మెదళ్లను ఉప్పుతో కాపాడినాడు. ఆయన పేరు మన సండే స్కూలు బిడ్డలలో ఎందరికి తెలుసును?

నౌపడ ఉప్పుమళ్లు మన గుమ్మములోనే ఉన్నవి. "మాది సముద్రపు ఉప్పు అయ్యగారూ, అందులో అయోడిను ఉండదా" అని కొందరు అడిగినారు. సముద్రపు నీటిలో ఉన్నది గాని, ఆరబెట్టిన ఉప్పులో మిగులునది బహు స్వల్పము, చాలదు. కర్మాగారములో కలిపినదే కావలెను. మనుష్యులు తినుటకు అయోడిను లేని ఉప్పు అమ్మరాదని 2006నుండి దేశమంతట నియమమున్నది. మళ్లలోనుండి ఊరక తెచ్చుకొనిన గల్లు చేపలు ఉప్పుటకు, పచ్చళ్లకు సరే. కూరలో, గంజిలో ప్యాకెట్టు ఉప్పు వేయుడు. మూత లేని డబ్బాలో, పొయ్యి పక్క తడిలో పెట్టినచో కలిపినది కూడ పోవును. ఇనుము కూడ అంతే ముఖ్యము. రక్తము లేని తల్లికి పుట్టిన బిడ్డ మెదడుకు అది తక్కువపడును. అంగన్‌వాడీలో ఇచ్చు మాత్రలను పెరటిలో పారవేయుచున్నారని విన్నాను. వికారము చేసినచో అన్నము తరువాత వేసికొనుడు గాని పారవేయవద్దు.

ఉప్పుతోను మాత్రతోను సరిపోదు. సగములో ఆగిన ఇంటిని కట్టునది మాట. పని కొరకు తండ్రి చెన్నైకో, గుజరాతు రేవులకో పోయినాడు. తల్లి చీకటితో జీడి ఫ్యాక్టరీకి పోయినది. ఇంట మిగిలినది మామ్మ, ఒక సెల్లుఫోను. ఫోను మాటలాడును గాని బిడ్డ ముఖము చూచి బదులు చెప్పదు. బిడ్డ "అదేటి?" అన్నప్పుడు "అది తాటిముంజె నాన్నా" అని ఎవరో చెప్పవలెను. మామ్మకు అక్షరములు రాకపోయినను ఫరవాలేదు. ఆమెకు తెలిసిన కథలు, సామెతలు, చెట్ల పేర్లు, కీర్తనలు చాలును. 32,000 అడుగుల త్రోవలో చివరి 50 అడుగులు తప్ప మిగిలినదంతయు అక్షరము లేకయే మానవుడు నడిచినాడు, తల్లుల నోటి మాటతో.

కాబట్టి సంఘ పెద్దలకు ఒక మనవి. ఆరాధన మందిరము పక్క గది వారములో ఆరు దినములు తాళము వేసి ఉన్నది. ఫ్యాక్టరీకి పోవు తల్లుల పసిబిడ్డలను పగటివేళ అక్కడ ఉంచి, ఇద్దరు మామ్మలను కూర్చోబెట్టవచ్చును. ఖర్చు చాపలు, కుండెడు నీరు, మధ్యాహ్నపు గుడ్డు. కొండ బిడ్డలు మన వసతిగృహమునకు వచ్చినప్పుడు మొదటి ఏడు వారి మాట తెలిసిన ఒకరిని వారి దగ్గర ఉంచవలెనని కూడ నేను మండలి సభలో ప్రతిపాదించుచున్నాను. శతవార్షికపు విరాళములో శిలాఫలకమునకు తీసియుంచిన సొమ్ములో కొంత తగ్గించినను ఈ రెండును జరుగును. ఫలకము కొంచెము చిన్నదగును, అంతే గదా.

యౌవనస్థులకు ఒక్క మాట. పండ్రెండవ తరగతి జీవశాస్త్ర పుస్తకమొకటి నా యొద్ద ఉన్నది. పరిణామమును గూర్చిన అధ్యాయమును వచ్చే శనివారము సాయంకాల కూటమునుండి కొంచెము కొంచెముగా చదువుకొందము. పక్కనే ఆదికాండము కూడ తెరచి ఉంచెదము. ప్రశ్నలున్న పెద్దలు కూడ రావచ్చును. కోపముతో వచ్చినను కుర్చీ వేసెదము.